టెర్మినల్‌ను అడిగి రాసిన ప్రోగ్రాము

ప్రత్యేక సంచికకు కంప్యూటర్ సెక్షన్ తరఫున ఏదైనా రాయమని కార్యదర్శి గారు కోరగా, ఎవరికీ చెప్పని ఒక పొరపాటు ముచ్చట రాస్తున్నాను.

1988లో మా ఆఫీసుకు యూనిక్స్ యంత్రం వచ్చింది. యంత్రం ఒకటే, దానికి తీగలతో కలిపిన టెర్మినళ్లు ఎనిమిది. పి.ఎఫ్. అప్పుల ప్రోగ్రాము నేనే రాశాను. తెర మీద 5వ వరుస, 10వ గడికి కర్సర్ పోవాలంటే ఎస్కేప్ సంకేతం, చదరపు బ్రాకెట్, 5, సెమీకోలన్, 10, హెచ్ పంపాలి. డెక్ కంపెనీ 1978లో తెచ్చిన వీటీ-100 పద్ధతి ఇది. దాన్నే ప్రోగ్రాము నిండా గుచ్చేశాను.

మరుసటి ఏడు వేరే రకం టెర్మినళ్లు కొన్నారు. వాటి తెరల నిండా బ్రాకెట్లు, అంకెలు! పేరేదో మొత్తమేదో తెలియదు. కూతురి పెళ్లికి అప్పు పెట్టుకున్న అటెండరు ఒకాయన రోజూ పొద్దున్నే గుమ్మం దగ్గర నిలబడి "అయిందా సార్?" అనేవాడు. కొత్త టెర్మినళ్లు బాగా లేవని చెప్పాను. అవి బాగానే ఉన్నాయి.

నాలుగో రోజున మాన్యువల్ తిరగేస్తుంటే టెర్మ్‌క్యాప్ కనబడింది. బర్కిలీ విశ్వవిద్యాలయంలో బిల్ జాయ్ 1978లో రాసిన చిన్న లైబ్రరీ అది. ఆయన వీఐ ఎడిటర్‌ను ఏడీఎం-3ఏ టెర్మినల్ మీద రాశారు. అదే 5వ వరుస, 10వ గడికి పోవాలంటే దానికి ఎస్కేప్, సమాన గుర్తు, డాలర్ గుర్తు, మూసే బ్రాకెట్ పంపాలి. వరుసనూ గడినీ సున్నా నుంచి లెక్కించి 32 కలిపితే వచ్చే అక్షరాలవి. ఇలా ఒక్కో కంపెనీది ఒక్కో భాష. అందుకని ఆయన ఆ గుణాలన్నీ ప్రోగ్రాము నుంచి తీసి, ఈటీసీ డైరెక్టరీలో ఒక మామూలు ఫైలులో పెట్టారు.

ప్రోగ్రాము ముందుగా టీగెట్‌ఎంట్‌తో తన టెర్మినల్ వివరం తెప్పించుకోవాలి. గడులెన్నో టీగెట్‌నమ్ చెబుతుంది. అంచు చేరగానే కిందికి దిగుతుందా లేదా అన్నది టీగెట్‌ఫ్లాగ్. తెర తుడిచే సంకేతం టీగెట్‌స్టర్. టీగోటూ వరుస, గడి అంకెలు పూరిస్తే టీపుట్స్ పంపుతుంది. ఈ టీపుట్స్ నాకు భలే నచ్చింది. తెర తుడవడానికి కొన్ని మిల్లీసెకన్లు పట్టే నిదానపు టెర్మినల్ అయితే, లైను వేగాన్ని బట్టి ఖాళీ అక్షరాలు పంపి అందాకా ఆగుతుంది. మనుషుల దగ్గర మనమే అంత ఓపిక పట్టం!

రెండు రాత్రులు కూర్చుని ప్రోగ్రాము తిరగరాశాను. ముహూర్తానికి రెండు రోజుల ముందు ఆయనకు చెక్కు అందింది. తప్పు నాదని మాత్రం చెప్పలేకపోయాను.

ఆ ఫైలును పైనుంచి కిందికి వెతకడం ఆలస్యమవుతోందని, బెల్ ల్యాబ్స్‌లో మార్క్ హార్టన్ 1980ల తొలినాళ్లలోనే టెర్మిన్‌ఫో తయారు చేశారు. అందులో ఒక్కో టెర్మినల్‌కు ముందే కంపైల్ చేసిన విడి ఫైలు ఉంటుంది. 1993లో మొదలైన ఎన్‌కర్సెస్ దాన్నే వాడుతూ, పాత టీగెట్‌ఎంట్ పిలుపులకూ బదులిస్తుంది.

నిరుడు మనవడి లైనక్స్ ల్యాప్‌టాప్‌లో నల్ల కిటికీ తెరిచి, నువ్వు ఏ టెర్మినల్‌వని అడిగాను. ఎక్స్‌టెర్మ్-256కలర్ అని వచ్చింది. దాని వివరం తీయిస్తే కర్సర్ జరిపే చోట నేను గుచ్చిన ఆ బ్రాకెట్టూ ఆ హెచ్చే! చివరికి అందరూ వీటీ-100 భాషకే వచ్చారన్నమాట. ఏడీఎం-3ఏ ఉందా అని కూడా చూశాను. ఎస్కేప్, సమాన గుర్తుతో సహా ఇంకా అక్కడే ఉంది.