ఈ ఖాళీ రోడ్డు ఎవరేశారు?

మన సాఫ్ట్‌వేరు జనాలకి ఈమధ్య సైకిలు పిచ్చి బాగా పట్టింది. జీతంలోంచి ముప్పై నలభై వేలు తీసి గేర్ల సైకిలు కొంటాం, దానికో హెల్మెట్టు, ముందో లైటు, వెనకో లైటు. తీరా తొక్కుదామంటే రోడ్డేదీ? హైదరాబాదులో ఔటర్ పక్కన 2023లో సోలార్ కప్పు వేసి 23 కిలోమీటర్ల సైకిలు ట్రాకు కట్టారు, బావుంది. కానీ ఎన్నిసార్లని అటూ ఇటూ తిరుగుతాం? అందుకే నాది నర్సీపట్నం అని తెలిసినవాళ్ళంతా ఒకటే అడుగుతుంటారు, "మీ వైపు ట్రాఫిక్కు లేని ఘాట్ రోడ్లున్నాయటగా, ఓ రూటు చెప్పవా" అని.

చెప్తాను. కాకపోతే రూటుతో పాటు దాని చరిత్ర కూడా వినాల్సి ఉంటుంది. రెండూ విడదీసి చెప్పడం నావల్ల కాదు మరి.

ముందు రూటు. నర్సీపట్నం నుంచి చింతపల్లి రోడ్డు పట్టుకోండి. డౌనూరు దాకా పెద్ద కష్టం ఉండదు. అది దాటాక ఘాట్ మొదలు. లంబసింగి సముద్రమట్టానికి సుమారు మూడు వేల అడుగుల ఎత్తు, నర్సీపట్నం నుంచి ముప్పై కిలోమీటర్ల పైచిలుకు దూరం. ఇంకో ఇరవై కిలోమీటర్లు వెళ్తే చింతపల్లి. అక్కణ్ణుంచి గూడెం కొత్తవీధి, ఆపైన సీలేరు. అక్కడ సీలేరు నది కొంత దూరం మనకీ ఒడిశాకీ సరిహద్దుగా పారుతుంది. చలికాలమైతే పొలాల్లో పసుప్పచ్చగా వలిసె పూలు, సిల్వరోకు చెట్లకి అల్లుకున్న మిరియాల తీగలు, వాటి నీడన కాఫీ తోటలు. నవంబరు నుంచి జనవరి దాకా శని ఆదివారాలు మాత్రం వెళ్ళకండి. "ఆంధ్రా కాశ్మీరు" చూడ్డానికొచ్చే కార్లతో లంబసింగి కూకట్‌పల్లి అయిపోతుంది. మామూలు రోజుల్లో వెళ్తే గంటకి నాలుగు జీపులు, రెండు ఆర్టీసీ బస్సులు, మీరూ, మీ ఊపిరీ. అంతే.

ఇహ చరిత్ర.

యూరప్‌లో సైకిలు తొక్కినవాళ్ళకి వెన్‌బాన్ పేరు తెలిసుంటుంది. జర్మనీలోని ఆఖెన్ నుంచి బెల్జియం మీదుగా లక్సెంబర్గు దాకా 125 కిలోమీటర్ల సైకిలు దారి. అసలు అది 19వ శతాబ్దం చివర్లో బొగ్గూ ఇనుమూ మొయ్యడానికి ప్రష్యా వాళ్ళు వేసిన రైలు మార్గం. మొదటి ప్రపంచ యుద్ధం అయ్యాక ఆ పట్టాలు బెల్జియం చేతికి పోయాయి. పట్టాలు బెల్జియంవి, వాటికి పడమటి పక్కన మిగిలిన కొన్ని ఊళ్ళు జర్మనీవి. ఆ తిరకాసు మ్యాపులో ఇవాళ్టికీ అలాగే ఉంది. రైళ్ళు ఆగిపోయాయి, 2013కల్లా మొత్తం సైకిలు దారి అయింది. అంటే పని అయిపోయి ఖాళీ అయిన దారి అన్నమాట.

మన లంబసింగి రోడ్డు ఖాళీగా ఉండటానికి కారణం అది కాదు. ఇక్కడ సరిహద్దు కూడా ఒడిశా దగ్గర మొదలవదు, నర్సీపట్నం దాటగానే మొదలవుతుంది. ఈ కొండలు ఒకప్పుడు గొలుగొండ జమీందారీలో ఉండేవి. పేష్కషు బకాయిల కింద 1837లో ఆ ఎస్టేటు వేలానికొచ్చి కంపెనీ ప్రభుత్వం చేతికి పోయింది. 1839లో 24వ నంబరు చట్టం తెచ్చి గంజాం, విశాఖ జిల్లాల కొండ ప్రాంతాలని మామూలు కోర్టుల పరిధిలోంచి తప్పించి, కలెక్టరుని "ఏజెంటు" చేసి ఆయనకే సర్వాధికారాలూ ఇచ్చారు. మనం ఇప్పటికీ "ఏజెన్సీ" అంటున్న మాట అక్కణ్ణుంచి వచ్చిందే. కింద ఒక చట్టం, ఘాట్ ఎక్కితే ఇంకో చట్టం.

పైన ఊళ్ళమీద పెత్తనం ముఠాదార్లది. జనానికి పోడు వ్యవసాయం, అడవి. 1882 మద్రాసు అటవీ చట్టం వచ్చాక అడవి రిజర్వు అయిపోయింది, పోడు కొట్టడం నేరమయింది, వంటచెరుకు తెచ్చుకోవాలన్నా ఫారెస్టు గార్డు దయ. ఆ కొండల్లోకి సర్కారు మనిషీ, వ్యాపారీ తేలిగ్గా ఎక్కాలంటే రోడ్డు కావాలి. కొండమీద పండింది కిందకి దిగాలన్నా, కలప దిగాలన్నా, పోలీసు పైకి ఎక్కాలన్నా రోడ్డు కావాలి. రోడ్డు వెయ్యాలంటే కూలీలు కావాలి. కూలీలు ఎవరు? ఆ కొండల్లోని బగతలు, కొండదొరలు, కోయలే.

1920ల మొదట్లో గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్. నర్సీపట్నం నుంచి లంబసింగికి రోడ్డు పని ఈయన హయాంలోనే జరిగింది. కాంట్రాక్టరూ, ఈయనా ఒకటై, రోజుకి ఆరణాల కూలి అని చెప్పి పనిలోకి దింపి, సాయంత్రానికి అణానో బేడో చేతిలో పెట్టేవాళ్ళని, ఎదురు మాట్లాడితే కొరడా దెబ్బలేనని ఆ ప్రాంతపు చరిత్ర రాసినవాళ్ళు చెప్తారు. బేడంటే రెండణాలు. మన భాషలో చెప్పాలంటే తొమ్మిది గంటలు టైంషీటులో నింపితే మూడు గంటలకి జీతం పడటం. అదీ నెత్తిన రాళ్ళ తట్టతో, ఘాట్ రోడ్డు మీద. మనకైతే హెచ్చార్‌కి మెయిలు పెట్టే వీలుంది, నచ్చకపోతే రెజ్యూమే అప్‌డేట్ చేసుకునే వీలుంది. వాళ్ళకి తహసీల్దారే హెచ్చారు, ఆయనే పోలీసు, దాదాపు ఆయనే జడ్జి కూడా.

వాళ్ళ తరఫున ఫిర్యాదు చేసినవాడు అల్లూరి సీతారామరాజు. 1917లో కృష్ణదేవిపేట వచ్చి స్థిరపడి, మన్యంలో తిరుగుతూ, వైద్యం చేస్తూ, తాగుడు మానమని చెబుతూ ఉన్న సన్యాసి అప్పటికి. బాస్టియన్ మీద పైవాళ్ళకి ఫిర్యాదు వెళ్ళింది. బాస్టియన్‌కేమీ కాలేదు. ఫిర్యాదు చేసినవాడి మీద మాత్రం నిఘా పడింది. రాజుని కొన్నాళ్ళు నర్సీపట్నంలో కళ్ళముందు ఉంచుకున్నారు, తర్వాత అడ్డతీగల దగ్గర పైడిపుట్టలో భూమి ఇచ్చి అక్కడ ఉండమన్నారు. (కంప్లైంటు పెట్టినవాడినే వేరే ప్రాజెక్టుకి మార్చడం మనం కనిపెట్టింది కాదన్నమాట.) బట్టిపనుకుల మునసబు గాం గంటందొరకీ బాస్టియన్‌తోనే తగాదా. ఉద్యోగం పోయింది, భూమీ పోయింది. ఆయనా, తమ్ముడు మల్లుదొరా రాజుతో కలిశారు.

1922 ఆగస్టు 22న చింతపల్లి పోలీసు స్టేషను మీద దాడి. మర్నాడు కృష్ణదేవిపేట, ఆ మర్నాడు రాజవొమ్మంగి. మూడు రోజుల్లో మూడు స్టేషన్లు, 26 తుపాకులు. ఏం పట్టుకెళ్ళిందీ రాసి, సంతకం పెట్టి మరీ వెళ్ళాడంటారు. సినిమా వల్ల మనకి ఇక్కడిదాకా కథ బాగానే తెలుసు. మనలో చాలామందికి గుర్తులేనిదల్లా, ఈ కోపంలో ఒక పాలు రోడ్డు కూలి బాకీదని.

ఆ తర్వాత జరిగింది గమనించండి. రోడ్డు సర్కారుది, కాలిబాట రాజుది. సెప్టెంబరు 24న దామనపల్లి ఘాట్‌లో స్కాట్ కవర్డ్, హైటర్ అనే ఇద్దరు ఇంగ్లీషు అధికారులు మాటుకి చిక్కి చనిపోయారు. మలబారు పోలీసులొచ్చారు, చివరికి అస్సాం రైఫిల్సు దిగింది. 1924 మే 7న కొయ్యూరు దగ్గర రాజుని పట్టుకుని కాల్చేశారు. శవాన్ని కృష్ణదేవిపేట తెచ్చారు, సమాధి అక్కడే ఉంది. ఇప్పుడది గొలుగొండ మండలం, నర్సీపట్నం నుంచి సైకిలు మీద ఓ పూటలో వెళ్ళిరావచ్చు. గంటందొర కూడా ఆ ఏడాదే చనిపోయాడు. మల్లుదొరకి అండమాను. బతికి బయటపడ్డాడు, 1952లో విశాఖపట్నం నుంచి మొదటి లోక్‌సభకి ఎంపీగా వెళ్ళాడు. రోడ్డు గొడవతో మొదలైన కథలో ఒక మనిషి పార్లమెంటు దాకా వెళ్ళాడంటే చిన్న సంగతి కాదు.

మరి ఆ తర్వాతా రోడ్డు ఎందుకు ఖాళీగానే ఉండిపోయింది? దీనికి నాకు కనబడేవి మూడు కారణాలు. ఒకటి, భూమి. 1959 భూ బదలాయింపు నిబంధనలని 1970లో సవరించి (అందరూ అనే "వన్ ఆఫ్ సెవెంటీ" ఇదే) ఏజెన్సీలో గిరిజనేతరులకి భూమి చేరకుండా అడ్డుకట్ట వేశారు. అందుకే లంబసింగి ఊటీలా మారలేదు, ఘాట్ పొడవునా రిసార్టుల గేట్లు లేవు. రెండు, భయం. దశాబ్దాలపాటు ఆంధ్రా ఒడిశా సరిహద్దంటే మావోయిస్టులు, గ్రేహౌండ్సు, కల్వర్టు కింద మందుపాతర. 2008 జూన్ 29న బలిమెల జలాశయంలో లాంచీ మీద జరిగిన దాడిలో ముప్పైమందికి పైగా పోలీసులు చనిపోయారు. అలాంటి చోటికి టూరిస్టు ఎందుకొస్తాడు? మూడోది అన్నిటికంటే మామూలుది. ఆ ఊళ్ళలో బళ్ళు కొనే స్తోమత ఉన్నవాళ్ళు తక్కువ.

అంటే మనం "ఆహా, ట్రాఫిక్కే లేదు" అనుకుంటున్న ఖాళీలో ఒక పాలు గిరిజనుల హక్కు, ఒక పాలు నెత్తురు, ఒక పాలు పేదరికం. మొదటిది చల్లగా ఉండాలి. మిగతా రెండూ పోవాలి. అవి పోతే మన ఖాళీ రోడ్డు కూడా కొంత పోతుంది. పోనివ్వండి.

ఇది ఎందుకంటున్నానంటే, రాజమండ్రి నుంచి రంపచోడవరం, కొయ్యూరు, లంబసింగి, పాడేరు, అరకు మీదుగా విజయనగరం వెళ్ళే 516ఈ జాతీయ రహదారిని వెడల్పు చెయ్యడం మొదలైనప్పట్నుంచీ మన సైకిలు మిత్రుల్లో ఒకటే బాధ, "అందమంతా పోతుంది" అని. చెట్ల గురించయితే నేనూ మీతోనే ఉన్నాను. చింతపల్లి బాక్సైటు కోసం 2015లో 97వ నంబరు జీవో వచ్చినప్పుడు, రోడ్డంటే మళ్ళీ గనికేనా అన్న అనుమానం అక్కడివాళ్ళకి రాకుండా ఎలా ఉంటుంది? ఆ జీవోని 2019లో రద్దు చేసేదాకా పోరాడింది వాళ్ళే. కానీ అదే జిల్లాలో ఇవాళ్టికీ నిండు గర్భిణిని డోలీలో కట్టి మోసుకొచ్చే ఊళ్ళున్నాయి. 2025లో "అడవితల్లి బాట" పేరుతో అలాంటి ఊళ్ళకి రోడ్లు వెయ్యడం మొదలుపెట్టారు. డోలీ మోసేవాడిని అడిగితే ట్రాఫిక్కు లేని రోడ్డు అందమైనదని అనడు. అంబులెన్సు వచ్చే రోడ్డు అందమైనదంటాడు.

కాబట్టి నా లెక్కలో ఏ కొండ రోడ్డుకైనా అడగాల్సిన ప్రశ్నలు రెండే. ఎవరి కూలితో వేశారు? ఎవరి పనికోసం వేశారు? 1920ల్లో రెండిటికీ జవాబు అన్యాయంగా ఉంది, అందుకే తిరుగుబాటు వచ్చింది. ఇప్పుడు కూలి సరిగ్గా పడి, రోడ్డు చివర ఆసుపత్రి ఉంటే, మన సైకిలు పక్కనుంచి నాలుగు లారీలు పోయినా నష్టం లేదు. వెడల్పు చేసేటప్పుడు పక్కన మీటరు జాగా సైకిళ్ళకీ, నడిచేవాళ్ళకీ వదలమని అడగడం అన్నిటికంటే తెలివైన పని. అక్కడ బడికి నడిచే పిల్లలకీ అదే కావాలి మరి.

రాజుకి ఊరూరా విగ్రహాలున్నాయి, జిల్లాకే ఆయన పేరుంది. రాళ్ళు మోసినవాళ్ళ గురించి మాత్రం ఆ ఘాట్‌లో నాకు ఒక్క బోర్డు కూడా కనబడలేదు. కోడులో ఫైలు పైన రాసినవాడి పేరు పెడతాం కదా, కనీసం అలాగైనా డౌనూరు దగ్గర ఒక రాయి పాతి "ఈ దారి వేసిన కొండ కూలీలకి పూర్తి కూలి ముట్టలేదు" అని రాస్తే బావుంటుందని నా కోరిక. ఏమంటారు?

అన్నట్టు, వెళ్ళేవాళ్ళు దిగేటప్పుడు బ్రేకులు ఓసారి చూసుకోండి. మంచులో మలుపు కనబడదు.