దేశపు మొదటి ఇంట్లో మన గుర్తులు

ఎవరింటికైనా వెళితే ముందు మన చూపు గోడల మీద పడుతుంది. ఎవరి ఫొటో పెట్టుకున్నారు, ఏ బొమ్మ గీయించుకున్నారు అన్నది చూస్తే ఆ ఇంటివాళ్లు ఎవరిని తమవాళ్లుగా అనుకుంటున్నారో తెలిసిపోతుంది. మన దేశానికి మొదటి ఇల్లు రాష్ట్రపతి భవన్. ఆ ఇంట్లోకి ఏ కళ ఎప్పుడు చేరింది, అందులో ఆదివాసుల వంతు ఎలా వచ్చింది అన్నది మన యువత తెలుసుకోవలసిన చరిత్ర. అందుకే ఈ సంచికలో ఆ సంగతి రాస్తున్నాం.

ఆ భవనం మొదట మన రాష్ట్రపతుల కోసం కట్టింది కాదు. 1911లో ఆంగ్లేయులు రాజధానిని కలకత్తా నుంచి ఢిల్లీకి మార్చాలని నిర్ణయించారు. వైస్రాయి నివాసానికి ఎడ్విన్ లుటియెన్స్ నమూనా గీశాడు. రైసీనా, మాల్చా అనే పల్లెల భూములు తీసుకుని కొత్త రాజధానిని లేపారు. 340 గదుల ఆ భవనం 1929లో పూర్తయింది. పెద్ద కట్టడం వెనక భూమి పోగొట్టుకున్న పల్లె ఒకటి ఉంటుందని మనకు ఎవరూ చెప్పనక్కరలేదు.

స్వాతంత్ర్యం వచ్చిన ఏడాదే, 1947-48 చలికాలంలో, లండన్‌లోని రాయల్ అకాడమీలో భారతీయ కళా ప్రదర్శన జరిగింది. దేశంలోని అనేక మ్యూజియంల నుంచి శిల్పాలు, చిత్రాలు ఓడలెక్కాయి. తిరిగి వచ్చాక వాటిని ఎక్కడివక్కడికి పంపేముందు, అప్పట్లో గవర్నమెంట్ హౌస్ అని పిలిచే ఇదే భవనంలో మన ప్రజల కోసం ప్రదర్శించారు. ఆ ప్రదర్శన ఇచ్చిన ఊపుతోనే 1949 ఆగస్టు 15న నేషనల్ మ్యూజియం ఆ భవనంలోనే మొదలైంది. సొంత భవనంలోకి మారింది 1960లో.

కొన్ని మాత్రం అక్కడే నిలిచిపోయాయి. బీహార్‌లోని రామ్‌పూర్వాలో దొరికిన, క్రీస్తుపూర్వం మూడో శతాబ్దపు అశోకుని కాలం నాటి ఎద్దు శిల్పం ఇప్పటికీ భవనం ముందు స్తంభాల నడుమ నిలబడి ఉంది. వైస్రాయి సింహాసనం ఉండిన దర్బారు హాలులోకి గుప్తుల కాలపు బుద్ధ విగ్రహం వచ్చింది. పాలకుడు కూర్చున్న చోట బుద్ధుణ్ణి నిలబెట్టడం కొత్త దేశం చెప్పదలచుకున్న మాట.

అయితే ఆనాడు జాతీయ కళ అంటే ప్రధానంగా రాతి శిల్పం, కంచు విగ్రహం, దర్బారు చిత్రం. రాజులు, గుడులు, విహారాలు పోషించిన కళ అది. మన కళ తీరు వేరు. పండుగకు గోడ అలికి బొమ్మ వేస్తాం, మళ్లీ పండుగకు దాని మీదే అలుకుతాం. డోలు మోత, గుస్సాడీ ఆట, కథ చెప్పే గొంతు అద్దాల పెట్టెలో ఇమడవు. మన కళ తక్కువదై బయట ఉండలేదు. దాన్ని చూసే కళ్లు అప్పటికి తయారుకాలేదు, అంతే.

ఆ చూపు మారడానికి దశాబ్దాలు పట్టింది. మధ్యప్రదేశ్‌లోని పాటన్‌గఢ్ అనే పల్లెలో గోడ మీద బొమ్మలు వేసిన పర్ధాన్ గోండు యువకుడు జన్‌గఢ్ సింగ్ శ్యామ్. 1980ల మొదట్లో భోపాల్‌లోని భారత్ భవన్ వారు ఆయన ప్రతిభను గుర్తించి తీసుకువెళ్లారు. 1989లో ఆయన బొమ్మలు పారిస్ దాకా వెళ్లాయి. అడవిలో బొమ్మలేసే ఎవరో ఒకరిగా కాకుండా, సొంత పేరున్న చిత్రకారుడిగా లోకం ఆయన్ను చూసింది.

మన దగ్గరి నుంచీ కళాకారులు రాష్ట్రపతి భవన్ గుర్తింపు పొందారు. మర్లవాయికి చెందిన గుస్సాడీ గురువు కనకరాజు గారికి 2021లో పద్మశ్రీ వచ్చింది. సమ్మక్క సారలమ్మల కథను కోయ మాటల్లో డోలుతో చెప్పిన సకిని రామచంద్రయ్య గారికి 2022లో వచ్చింది. ఆ ఏడాదే సంతాల్ ఆడబిడ్డ ద్రౌపది ముర్ము గారు రాష్ట్రపతి అయ్యారు. తర్వాత ఆ భవనంలో జనజాతీయ దర్పణ్ అనే ప్రత్యేక గ్యాలరీ తెరిచారు. డోక్రా ఇత్తడి పని, వార్లీ, గోండు చిత్రాలు, వాద్యాలు, వెదురు బుట్టలతో పాటు గుంజాల గోండి లిపి కూడా అక్కడ ఉంది.

ఈ లిపి దగ్గర కాస్త ఆగుదాం. గుంజాల ఆదిలాబాద్ జిల్లా నార్నూర్ మండలంలో ఒక పల్లె. అక్కడి పెద్దలు దాచిన చేతిరాత ప్రతులే ఈ లిపికి ఆధారం. 2018లో అది యూనికోడ్‌లో చేరింది. ఇప్పుడు ఫోన్‌లో, కంప్యూటర్‌లో ఆ అక్షరాలకు చోటుంది. లిపితో పాటు పల్లె పేరూ ఢిల్లీకి చేరింది. ఒట్టి గిరిజన లిపి అని రాసి ఉంటే గుంజాల ఎవరికి తెలిసేది?

మేము చెప్పదలచుకున్నది ఇదే. ఒక వస్తువు కింద 'గిరిజన కళ' అని రెండే మాటలు రాస్తే ఏ తెగ, ఏ ఊరు, ఎవరి చెయ్యి అన్నది మాయమవుతుంది. ఆదిలాబాద్ డోక్రాకు 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. మైనం తీగలతో బొమ్మ చుట్టి, మట్టి పూసి, ఇత్తడి పోసే ఆ పని ఓజా కుటుంబాలది. ఆ పేరు చెప్పకుండా ఆ బొమ్మను చూపడం సగం చూపడమే.

కనకరాజు గారు, రామచంద్రయ్య గారు ఇద్దరూ 2024లోనే వెళ్లిపోయారు. పతకాలు ఇంట్లో ఉంటాయి. రామచంద్రయ్య గారికి నోటికి వచ్చిన కథ ఇంకెవరికి వస్తుంది అన్నదే ప్రశ్న. హాస్టల్ పిల్లల మధ్య రోజులు గడిపే మా వంటివాళ్లకు ఈ బెంగ ఎక్కువ. పదేళ్ల వయసులో ఇల్లు వదిలి వచ్చిన పిల్లకు పాఠాలు వస్తాయి గానీ, అవ్వ పాట వినే రాత్రులు తగ్గిపోతాయి.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, హైదరాబాద్ వెళ్లినప్పుడు బొల్లారంలోని రాష్ట్రపతి నిలయం చూడండి. 2023 నుంచి సామాన్యుల సందర్శనకు తెరిచి ఉంచారు. వంటగది నుంచి భోజనశాలకు వెళ్లే సొరంగం గోడల మీద చేర్యాల బొమ్మలు కనబడతాయి. వాటి ముందు నిలబడి, మన ఊరి బొమ్మ ఇక్కడ పెడితే దాని కింద ఏం రాస్తారని ఆలోచించండి. ఈ సెలవులకు ఇంటికి వెళ్లినప్పుడు ఒక నోటుపుస్తకం పట్టుకెళ్లండి. గోడ బొమ్మ వేసేది ఎవరు, డోలు కట్టేది ఎవరు, ఏ పండుగకు, ఎవరి దగ్గర నేర్చుకున్నారు అన్నది అడిగి, ఊరి పేరు, మనిషి పేరు రాసి, మన భాషలోనే వాళ్ల మాట ఫోన్‌లో రికార్డు చేయండి. ఢిల్లీ గోడ మీద రాయవలసిన పేర్లు ముందు మన దగ్గర ఉండాలి.