వెబ్ ఆప్షన్లకు ఆఖరి రోజు: ఫీజు రీయింబర్స్‌మెంట్‌పై ఆధారపడే కుటుంబాలు ఏం చూసుకోవాలి?

ఏపీ ఈఏపీసెట్ కౌన్సెలింగ్‌లో వెబ్ ఆప్షన్ల గడువు ముగిసే రోజు చాలా ఇళ్లలో ఒకటే చర్చ. ఏ కాలేజీ ముందు పెట్టాలి? ఏ బ్రాంచ్ వెనక పెట్టాలి? సొంతంగా ఫీజు కట్టుకోలేని కుటుంబం మాత్రం ముందు ఇంకో ప్రశ్న వేసుకోవాలి. ఈ సీటు ఏ కోటాలో వస్తోంది?

ఎందుకంటే ఫీజు రీయింబర్స్‌మెంట్‌ను మంచి మార్కులు వచ్చాయని ఇవ్వరు. కుటుంబ ఆర్థిక స్థితి, సీటు వచ్చిన కోటా చూసి ఇస్తారు. ఒకే కాలేజీలో, ఒకే బ్రాంచ్‌లో చదివే ఇద్దరిలో ఒకరి ఫీజు ప్రభుత్వం కట్టొచ్చు, ఇంకొకరిది తండ్రి అప్పు చేసి కట్టాల్సి రావొచ్చు. వాన మీద, వేరుశనగ మీద ఆధారపడే అనంతపురం, శ్రీసత్యసాయి జిల్లాల్లోని కుటుంబాలకు ఈ తేడా చిన్నది కాదు. ఏడాదికి 70 వేల ఫీజు అనుకుంటే నాలుగేళ్లకు 2.8 లక్షలు.

ఏ సీటుకు వస్తుంది? ఏ సీటుకు రాదు?

ప్రైవేటు ఇంజినీరింగ్ కాలేజీల్లో 70 శాతం సీట్లు కన్వీనర్ కోటాలో, 30 శాతం మేనేజ్‌మెంట్ కోటాలో ఉంటాయి. వెబ్ ఆప్షన్ల ద్వారా భర్తీ అయ్యేవి కన్వీనర్ సీట్లు. అర్హత ఉన్నవారికి రీయింబర్స్‌మెంట్ వర్తించేది వీటికే.

• మేనేజ్‌మెంట్ కోటా సీటుకు రాదు.
• కౌన్సెలింగ్ ముగిశాక కాలేజీలు మిగిలిన సీట్లకు నిర్వహించే స్పాట్ అడ్మిషన్లకూ రాదు. "ఇప్పుడు ఆగితే స్పాట్‌లో మంచి బ్రాంచ్ దొరుకుతుంది" అన్న సలహా విని ఎక్కువ మంది దెబ్బతినేది ఇక్కడే.
• ప్రైవేటు యూనివర్సిటీల్లో 35 శాతం సీట్లను ఈఏపీసెట్ ద్వారా కన్వీనర్ భర్తీ చేస్తారు. ఆ యూనివర్సిటీలు సొంత పరీక్షతో నేరుగా ఇచ్చే సీట్లు వేరు. వాటికి ఈ పథకం లేదు.

మెట్ట భూమి ఎక్కువుంటే అర్హత పోతుందా?

ఈ పథకం 2020 నుంచి జగనన్న విద్యాదీవెన పేరుతో నడిచింది. ఆ మార్గదర్శకాల ప్రకారం కుటుంబ వార్షికాదాయం 2.5 లక్షల రూపాయలు దాటకూడదు. భూమి మాగాణి అయితే 10 ఎకరాలు, మెట్ట అయితే 25 ఎకరాలు, రెండూ కలిపితే 25 ఎకరాల లోపు ఉండాలి. అంటే కళ్యాణదుర్గం వైపు 12 ఎకరాల మెట్ట ఉన్న రైతు ఆ భూమి వల్ల అనర్హుడు కాడు. అయితే రెవెన్యూ రికార్డులో అది మాగాణిగా నమోదై ఉంటే చిక్కు వస్తుంది. అందుకే అడంగల్ ఒకసారి చూసుకోవాలి.

కుటుంబంలో ప్రభుత్వ ఉద్యోగి ఉన్నా, ఆదాయపు పన్ను కడుతున్నా, సొంత కారు ఉన్నా అనర్హత వస్తుంది. ట్యాక్సీ, ఆటో, ట్రాక్టర్‌కు మినహాయింపు ఉంది. చేరాక 75 శాతం హాజరు తప్పనిసరి.

2024లో ప్రభుత్వం మారాక పథకం పేరు, చెల్లింపు పద్ధతి మారాయి. అంతకుముందు తల్లుల ఖాతాల్లో వేసిన డబ్బును నేరుగా కాలేజీలకే ఇవ్వాలని నిర్ణయించారు. కాబట్టి చేరిన రోజే కాలేజీని ఒకటి అడగండి. ప్రభుత్వం నుంచి డబ్బు ఆలస్యమైతే మమ్మల్ని ముందు కట్టమంటారా? బకాయిల సాకుతో హాల్‌టికెట్లు, సర్టిఫికెట్లు ఆపుతున్నారన్న ఫిర్యాదులు కొత్తవి కావు.

బెంగళూరులో చదివిన పిల్లల సంగతేంటి?

హిందూపురం, మడకశిర, కదిరి ప్రాంతాల నుంచి పనుల కోసం బెంగళూరు వెళ్లిన కుటుంబాలు చాలా ఉన్నాయి. 371డి అధికరణ కింద వచ్చిన నిబంధనల ప్రకారం 85 శాతం సీట్లు స్థానికులకే. ఇంటర్‌తో ముగిసేలా వరుసగా నాలుగేళ్లు ఎస్వీయూ ప్రాంతంలో చదివితే ఇక్కడ స్థానికులవుతారు. ఇంటర్ కర్ణాటకలో చదివితే ఈ లెక్క తప్పుతుంది. తల్లిదండ్రుల్లో ఒకరు రాష్ట్రంలో పదేళ్లు నివసించినట్టు ధ్రువపత్రం ఉంటే మిగిలిన 15 శాతం సీట్లకు పోటీ పడొచ్చు. మీ పిల్లలు ఏ కోటాలో ఉన్నారో సర్టిఫికెట్ల పరిశీలన దశలోనే తేల్చుకోండి.

ఆప్షన్లు ఏ వరుసలో పెట్టాలి?

ర్యాంకు, రిజర్వేషన్ ప్రకారం మీకు దక్కే సీట్లలో మీ జాబితాలో అన్నిటికంటే పైన ఉన్నదే కేటాయిస్తారు. కష్టమైన కాలేజీని పైన పెట్టినంత మాత్రాన కింది ఆప్షన్లకు నష్టం లేదు. చేరడం ఇష్టం లేని కాలేజీని "ఎందుకైనా మంచిదని" పైన పెడితేనే నష్టం.

కన్వీనర్ ఫీజు ప్రభుత్వం కట్టినా హాస్టల్, బస్సు, పుస్తకాల ఖర్చు ఇంటి మీదే పడుతుంది. అనంతపురంలోని జేఎన్టీయూ కాలేజీకి ఇంటి నుంచి వెళ్లి రావడానికీ, విజయవాడలో ప్రైవేటు హాస్టల్‌లో ఉండి చదవడానికీ మధ్య ఖర్చు తేడాను కాగితం మీద రాసుకున్నాకే వరుస ఖరారు చేయండి. ఎస్సీ, ఎస్టీ, బీసీ సంక్షేమ శాఖల కాలేజీ హాస్టళ్ల సంగతీ కనుక్కోండి.

తర్వాతి విడతలో కొత్త సీటు వస్తే పాతది రద్దవుతుంది. అందుకే రెండోసారి ఆప్షన్లు పెట్టేటప్పుడు ఇప్పుడున్న సీటు కంటే నిజంగా మెరుగైనవే పెట్టాలి.

రీయింబర్స్‌మెంట్ రాదని తేలితే?

• కేంద్ర ప్రభుత్వ సెంట్రల్ సెక్టార్ స్కాలర్‌షిప్: ఇంటర్ బోర్డులో 80 పర్సంటైల్ పైన ఉండి, ఆదాయం 4.5 లక్షల లోపుంటే దరఖాస్తు చేయొచ్చు. బీటెక్‌కు మొదటి మూడేళ్లు ఏటా 12 వేలు, నాలుగో ఏడాది 20 వేలు, మొత్తం 56 వేలు. ఫీజు రీయింబర్స్‌మెంట్ తీసుకునేవారికి ఇది రాదు.
• ఏఐసీటీఈ ప్రగతి: సాంకేతిక కోర్సుల్లో చేరిన అమ్మాయిలకు ఏటా 50 వేలు. ఆదాయ పరిమితి 8 లక్షలు. ఎంపిక మెరిట్ ప్రకారం జరుగుతుంది కాబట్టి అందరికీ వస్తుందని లెక్కేసుకోవద్దు.
• పీఎం విద్యాలక్ష్మి: ఎంపిక చేసిన ఉన్నత విద్యాసంస్థల్లో చేరితే హామీ, తాకట్టు లేకుండా రుణం ఇస్తారు. ఆదాయం 8 లక్షల లోపుంటే 10 లక్షల వరకు రుణంపై 3 శాతం వడ్డీ రాయితీ ఉంటుంది. మీ కాలేజీ జాబితాలో ఉందో లేదో ముందు చూడండి.
• ప్రైవేటు యూనివర్సిటీల సొంత మెరిట్ రాయితీ: రాయితీ పోగా ఎంత కట్టాలో లెక్కేయండి. మూడు లక్షల ఫీజులో సగం తగ్గించినా ఏటా లక్షన్నర కట్టాలి. రాయితీ నాలుగేళ్లూ ఉంటుందా, ఏ గ్రేడు తగ్గితే పోతుందో రాతపూర్వకంగా తీసుకోండి.

ఇంజినీరింగే చదవాలన్న పట్టుదల లేకపోతే డిగ్రీ కూడా మంచి దారే. 1916లో మొదలైన అనంతపురం ప్రభుత్వ ఆర్ట్స్ కాలేజీ వంటి చోట్లకు ఉన్నత విద్యామండలి ఆన్‌లైన్ విధానంలో విడిగా దరఖాస్తు చేయాలి.

ఫ్రీజ్ చేసే ముందు

1. రైస్ కార్డులో విద్యార్థి పేరు ఉందా? లేకపోతే తహసీల్దార్ ఇచ్చిన ఆదాయ ధ్రువపత్రం సిద్ధంగా ఉందా?
2. కుల లేదా ఈడబ్ల్యూఎస్ పత్రం పరిశీలనలో నమోదైందా? ఈడబ్ల్యూఎస్ పత్రం ఈ ఏడాదిదేనా?
3. నెట్ సెంటర్‌లో ఆప్షన్లు పెట్టిస్తే పాస్‌వర్డ్, ఓటీపీ మీ దగ్గరే ఉన్నాయా? సేవ్ చేసిన జాబితా ప్రింట్ తీసుకున్నారా?
4. సీటు వచ్చాక ఆన్‌లైన్‌లో సెల్ఫ్ రిపోర్టింగ్, కాలేజీలో రిపోర్టింగ్ రెండూ గడువులోగా చేయాలి. ఏ ఒక్కటి మరిచినా సీటు పోతుంది.
5. చేరాక జ్ఞానభూమి పోర్టల్‌లో పేరు నమోదైందో కాలేజీలో, సచివాలయంలో అడిగి నిర్ధారించుకోండి.

చివరి గంటలో సర్వర్ నెమ్మదిస్తే చేయగలిగింది ఏమీ ఉండదు. జాబితాను ముందురోజే సేవ్ చేసి, ఆఖరి రోజును మార్పులకే వాడుకోండి.