మోటారు బోటు ముక్కు ఎగరడం, దాని నివారణ: గోదావరి డెల్టా

నీటి మీద అలలేమీ లేకపోయినా, వేగం అందుకున్న చిన్న మోటారు బోటు ముక్కు పైకి లేవడం, దభీమని పడటం, మళ్లీ లేవడం ఉంటుంది. నౌకా నిర్మాణ శాస్త్రంలో దీన్ని పోర్పాయిజింగ్ అంటారు. అలల తాకిడికి పడవ ఊగడం వేరు; ఈ ఊపు బోటులోనే పుడుతుంది. గౌతమి, వసిష్ఠ పాయలు నిశ్చలంగా ఉన్న పూట కూడా వస్తుంది.

నెమ్మదిగా నడిచే పడవ నీటిని పక్కలకు నెట్టుకుంటూ పోతుంది. ఆరు మీటర్ల పడవ ఆ పద్ధతిలో గంటకు దాదాపు 11 కిలోమీటర్ల వరకే సుఖంగా సాగుతుంది. పడవ తేలికగా, అడుగు చదునుగా ఉండి ఇంజనులో బలముంటే, అది ఆ హద్దు దాటి నీటి మీదికి లేచి జారుతుంది. అప్పుడు బరువును చాలావరకు మోసేది వెనకవైపు అడుగున కొద్ది భాగమే. ముక్కు మితిమించి లేచిందంటే నీటి ఒత్తిడికీ పడవ బరువుకీ లంకె కుదరక ఎగుడుదిగుడు మొదలవుతుంది. వేగం పెంచినకొద్దీ అది ముదురుతుంది.

డెల్టాలో చాలాకాలం ఈ బాధ లేదు. 1847–52 మధ్య ఆర్థర్ కాటన్ ధవళేశ్వరం ఆనకట్ట కట్టించాక, కాలువలు సాగుకే కాక సరుకు రవాణాకూ దారులయ్యాయి. తెరచాప, గెడ, గట్టు మీంచి లాగే తాడు: వీటితో నడిచిన పడవకు ఎగిరేంత వేగం ఎక్కడిది? తర్వాత రాజమండ్రి నుంచి పాపికొండల మీదుగా ఎగువకు తిరిగిన లాంచీలూ బరువైనవే. బాపు 1973లో తీసిన ‘అందాల రాముడు’లో కథంతా నడిపించేది అలాంటి లాంచీ ప్రయాణమే.

ఈలోగా వేరేచోట ప్రశ్న మొదలైంది. 1872లో ఇంగ్లండులో రామస్ అనే మతాచార్యుడు అడుగున మెట్టు ఉన్న ఓడను ప్రతిపాదించగా, విలియం ఫ్రౌడ్ నమూనాలతో పరీక్షించాడు. దాన్ని నీటి మీదికి లేపగల తేలికైన ఇంజను అప్పటికి లేదు. 1909లో ఓలే ఎవిన్‌రూడ్ తయారుచేసిన అవుట్‌బోర్డు ఇంజనుతో చిన్న పడవకూ వేగం అందింది. ఎగిరిపడటానికి లెక్క కట్టినవారు మాత్రం మొదట నీటి విమానాల నిపుణులే: 1933లో బ్రిటన్‌లో పెరింగ్, గ్లావర్ట్ దాని స్థిరత్వాన్ని విశ్లేషించారు. 1952లో అమెరికాలో డే, హాగ్ పడవ నమూనాలతో ప్రయోగాలు చేశారు. 1964లో డేనియల్ సవిట్స్కీ ప్రచురించిన పత్రంతో, ముక్కు ఎంత కోణం దాటితే ఎగురుడు మొదలవుతుందో డిజైనర్లు ముందే అంచనా వేసుకోగలిగారు. చదునైన అడుగు కన్నా ‘వి’ ఆకారపు అడుగు ఇంకాస్త ఎక్కువ కోణాన్ని తట్టుకుంటుందని కూడా అందులో తేలింది.

తూర్పు తీరానికి ఈ సమస్య ఫైబరుతో వచ్చింది. 1979లో మద్రాసు కేంద్రంగా మొదలైన బంగాళాఖాతం కార్యక్రమం ఒడ్డుకు ఎక్కించగల తేలికపాటి మోటారు పడవలపై ప్రయోగాలు చేసింది. 2004 డిసెంబరు సునామీ తర్వాత ఫైబర్ బోట్లు మరింత పెరిగాయి. వాటిలో చాలావరకు వలలతో, ఐసుతో నిండి నెమ్మదిగానే నడుస్తాయి. ఎగురుడు కనిపించేది ఖాళీ బోటును పూర్తి వేగంతో తోలినప్పుడు, విహార కేంద్రాల స్పీడు బోట్లలో, అన్నిటికన్నా ముఖ్యంగా వరద సహాయక బోట్లలో. 2022 జులైలో భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులకు చేరినప్పుడు లంక గ్రామాల జనాన్ని తరలించింది ఇలాంటి బోట్లే.

గాలితో నింపే రబ్బరు బోటులో ఒక్కడే వెనక కూర్చుని ఇంజను పట్టుకుని బయల్దేరితే ముక్కు ఆకాశానికి లేస్తుంది. మొదట చేయవలసింది థ్రాటిల్ తగ్గించడం. తర్వాత పెట్రోలు డబ్బానో, మరో బరువునో ముందుకు జరపాలి. బోటులో గాలి తగ్గినా అడుగు వంగి ఎగురుడు వస్తుంది కాబట్టి, గాలి చూసుకోకుండా బరువు జరిపి లాభం లేదు.

అవుట్‌బోర్డు ఇంజను కాలును వెనక పలకకు ఒక పిన్ను రంధ్రం దగ్గరగా పెడితే ముక్కు దిగుతుంది. అప్పటికీ తగ్గకపోతే వెనక అడుగు అంచున ట్రిమ్ ట్యాబ్‌లు బిగిస్తారు. ఈ రేకులు కిందికి వాలి నీటి ఒత్తిడితో వెనక భాగాన్ని ఎత్తుతాయి. అయితే ముక్కును మరీ దించితే చుక్కాని మాట వినక బోటు ఒక్కసారిగా పక్కకు తిరిగిపోతుంది. కొట్టుకొచ్చే మానులున్న వరద నీటిలో ఇది ఎగురుడు కన్నా పెద్ద ప్రమాదం. అందుకే పిన్నును ఒక్కో రంధ్రమే మార్చి, ప్రతిసారీ నడిపి చూడాలి.

ఇన్ని చేసినా మానని ఫైబర్ బోటును ఒడ్డుకు లాగి బోర్లించాలి. వెనక చివరి మీటరు మేర అడుగున తిన్నని బద్ద పెట్టి చూస్తే లోపం బయటపడుతుంది. అడుగు బయటికి ఉబ్బి బద్ద మధ్యలో తగిలి, కొసల దగ్గర సందు కనబడితే, ఆ ఉబ్బే ముక్కును లేపుతోందన్నమాట. దాన్ని అరగదీసి, లోతైన చోట ఫైబరు పూసి తిన్నగా చేయాలి.