పసివాని మౌనము

పసిబిడ్డ యేడ్చిన ఇల్లెల్ల పరుగెత్తును. ఏడ్పు మానిన అందఱును నిమ్మళించుదురు. "పసివాడు, వానికేమి తెలియును? నాలుగు దినములలో మఱచిపోవును" అను మాట మన పల్లెలలోనే కాదు, పాశ్చాత్య దేశములలోను చిరకాలము చెల్లినది. ఆ మాట తప్పని యెట్లు తేలినదో, బాల్యమున తగిలిన మనోగాయము పెద్దతనమున నెట్లు బయటపడునో వైద్యులు తెలిసికొనిన కథ యొకటి కలదు. అది చాలవఱకు ఇంగ్లండున నడచినది. శ్రోతలారా, నేడు దానినే మీకు విన్నవించెదను.

1939 సెప్టెంబరు 1వ తేదీన, జర్మనీపై ఇంగ్లండు యుద్ధము ప్రకటించుటకు రెండు దినములు ముందుగా, లండను మొదలగు నగరములనుండి పిల్లలను పల్లెలకు తరలింప నారంభించిరి. మూడు నాలుగు దినములలో రమారమి పదునైదు లక్షల జనము తరలిరి. వారిలో పెక్కురు బడిపిల్లలు. ఒంటిమీద పేరు వ్రాసిన చీటి, చేతిలో చిన్న మూట, విషవాయువు సోకకుండ ముసుగు. బాంబులనుండి బిడ్డలను కాపాడవలెనన్న సంకల్పము మంచిదే. కాని ఆ డిసెంబరులోనే జాన్ బౌల్బీ, డొనాల్డు విన్నికాట్, ఇమ్మాన్యుయెల్ మిల్లరు అను మువ్వురు వైద్యులు బ్రిటిషు వైద్య పత్రికకు లేఖ వ్రాసి, ఐదేండ్లలోపు బిడ్డలను తల్లులనుండి చాలకాలము వేఱుచేయుట చేటు తెచ్చునని హెచ్చరించిరి. యుద్ధపు సందడిలో ఆ మాట వినువారెవరు?

ఆ యుద్ధకాలముననే ఆన్నా ఫ్రాయిడ్, డారొతీ బర్లింగ్‌హామ్ అను ఇరువురు స్త్రీలు లండనులోని హాంప్‌స్టెడ్ పేటలో శిశుగృహములు నడపిరి. వారు కనిపెట్టిన సంగతి వింతయైనది. బాంబులు పడుచున్న చోటనే యున్నను, తల్లి ధైర్యముగా ప్రక్కనున్న బిడ్డ అంతగా బెదరలేదు. బాంబుల చప్పుడే వినరాని చోటికి పోయి, తనవారు లేక మిగిలిన బిడ్డయే మిక్కిలి కుందెను. నేర్చిన మాటలు మఱచినవారును, మరల పక్క తడుపసాగినవారును వారిలో నుండిరి.

ఆ శిశుగృహములో కొలిమి చూచుచు చిల్లర మరమ్మతులు చేయుటకు కుదిరినవాడు జేమ్సు రాబర్టుసన్ అను స్కాట్లండువాడు. ఇతడు వైద్యుడు కాడు. కాని కన్నులు గలవాడు. పిల్లలను గూర్చి కనబడినదెల్ల వ్రాసియుంచుట అచ్చట అందఱికిని నియమము. ఇతనికి ఆ అలవాటు కడదాక నిలిచెను. యుద్ధానంతరము 1948లో బౌల్బీ ఇతనిని తోడుగా తీసికొని, వైద్యశాలలలోని పసివారిని పరిశీలింప పంపెను.

ఆనాటి ఇంగ్లీషు వైద్యశాలల కట్టుబాట్లు మనకు నమ్మశక్యము కానివి. కొన్నింటిలో వారమునకొక్కమారు, ఆదివారము రెండు గంటలసేపు మాత్రమే తలిదండ్రులు బిడ్డను చూడవచ్చును. ఒకానొక చోట మొదటి నెలయంతయు నిద్రించుచున్న బిడ్డనే చూడవలెను. అంటురోగముల భయమొక కారణము. తల్లి వచ్చిపోయిన పిదప బిడ్డ యేడ్చుననునది రెండవది. రాకున్నచో త్వరలోనే "కుదురుకొనును" గదా యని వారి తర్కము. మన వైద్యశాలలకు కొఱతలెన్ని యున్నను, తల్లియో అమ్మమ్మయో మంచము క్రింద చాప పఱచుకొని బిడ్డను కనిపెట్టియుండుట తఱచు చూతుము. ఆ ఒక్క విషయమున మన ముదుసలులే ఆనాటి దొరలకంటె ఎక్కువ యెఱిగినవారని నా తలంపు.

ఆ "కుదురుట" యననేమో రాబర్టుసన్ విప్పి చూపెను. మొదట బిడ్డ యేడ్చి, పెనగి, తలుపువైపే చూచును. పిదప ఏడ్పు తగ్గి, ఆశ యుడిగి, ముడుచుకొని యుండును. తుదకు పెట్టినది తినును, ఎవరు పిలిచినను నవ్వును; తల్లి వచ్చిన ముఖము త్రిప్పుకొనును. దాదులు మెచ్చుకొను బుద్ధిమంతుడు వీడే! బిడ్డ మఱచిపోలేదు, నమ్ముట మానుకొనెను.

మాటలతో చెప్పిన వైద్యులు నమ్మరని తెలిసి, అతడు చేతితో పట్టు చలనచిత్ర యంత్రము నొకటి సంపాదించెను. చిన్న శస్త్రచికిత్సకై ఎనిమిది దినములు వైద్యశాలలో నున్న రెండున్నరయేండ్ల లోపు బాలికను నియమిత వేళలలో చిత్రించెను. ఆమెను చిత్రములో లారా యని పిలిచిరి. ఆమె గట్టిగా ఏడ్చిన ఘట్టములు అరుదు. పెదవి బిగబట్టి, బొమ్మను కౌగిలించి, అమ్మ యేదియని మెల్లగ నడుగును. తల్లి వచ్చినపుడు చేతులు చాపుటకు మాఱుగ ముఖము త్రిప్పుకొనును. 1952లో దానిని లండను వైద్యసభలో ప్రదర్శింపగా పెక్కురు వైద్యులు కోపించి, ఇది నిందారోపణయనిరి. ఆఱు మాసములకు లారా ఆ చిత్రములో కొంత అనుకోకుండ చూచి, అంతసేపు నీవెక్కడ నుంటివని తల్లిపై కోపించి, ఏడ్చి, తండ్రిని చేరెనట. మఱచినదని పెద్దలనుకొన్న దినములు అవి! 1959లో ప్లాట్ సంఘము తలిదండ్రుల రాకకు అడ్డు తీసివేయవలెనని ప్రభుత్వమునకు సిఫారసు చేసెను.

ఎనిమిది దినముల మాట యిట్లున్నది. నెలలు, ఏండ్లు గడచిన యేమగును? బౌల్బీ 1944లో, దొంగతనము చేసిన నలువది నలుగురు పిల్లలను గూర్చి ప్రకటించెను. వారిలో ఎవరియందును ప్రేమ లేనట్లున్నవారు పదునలుగురు. ఆ పదునలుగురిలో పన్నెండుగురు పసితనమున చాలకాలము తల్లికి దూరమైనవారే. లెక్క చిన్నదే, ఆక్షేపణలును వచ్చినవి. తనను పెంచిన దాది నాలుగేండ్ల ప్రాయమున విడిచిపోయిన బాధను బౌల్బీ తానును పెద్దతనమున తలచుకొనెడివాడు.

పెద్ద లెక్క అమెరికాలో 1998లో వచ్చెను. ఫెలిట్టీ, ఆండా అను వైద్యులు తొమ్మిదివేల యైదువందలకు మించిన పెద్దవారిని, బాల్యమున దెబ్బలు, అవమానములు, ఇంట త్రాగుడు, తల్లిపై దౌర్జన్యము మున్నగునవి అనుభవించితిరాయని యడిగిరి. అట్టి కష్టములు నాలుగు విధములకు తక్కువ గాక పడినవారిలో త్రాగుడునకు లోబడుట, మనోవ్యాకులత, ఆత్మహత్యాయత్నము మొదలగునవి, ఏ కష్టము నెఱుగని వారికంటె నాలుగు మొదలు పండ్రెండు రెట్లు ఎక్కువ. గుండె జబ్బులు సైతము హెచ్చు. ఎడతెగని భయములో పెరిగిన దేహము అపాయము లేని వేళను అపాయమున్నట్లే మెలగుట నేర్చునని వైద్యులందురు. మన రచ్చబండకడ చీటికిమాటికి మండిపడువానిని, కల్లు విడువలేనివానిని చూచి వంశమునో జాతకమునో దూఱెదము; వాడు ఐదేండ్లవాడైనప్పుడు ఇంట నేమి జరిగెనో విచారింపము. కష్టపడిన ప్రతివాడును చెడునని మాత్రము అనుకొనరాదు. ఆ లెక్క గుంపునకు చెల్లునుగాని, ఒక్కని నొసట వ్రాతగాదు.

మానుటకు మార్గమున్నదా యని మీరడుగుదురు. రుమేనియా దేశమున 1966లో చౌషెస్కు ప్రభుత్వము జనసంఖ్యను పెంచుటకై గర్భస్రావములను నిషేధించెను. పోషింపలేనివారి బిడ్డలతో అనాథాలయములు నిండెను. 1989లో ఆ ప్రభుత్వము కూలగా లోకమా గదులలోనికి తొంగిచూచెను: వరుస మంచములు, ఎత్తుకొనువారు లేని బిడ్డలు, తమంతట తామే ఊగుచున్నవారు, ఏడువనివారు. 2000 తరువాత బుఖారెస్టులో నూట ముప్పదియాఱుగురు బిడ్డలను పరీక్షించి, చీటివేసినట్లు సగముమందిని పెంపుడు కుటుంబములకు పంపిరి. కుటుంబములు చేరినవారు బుద్ధియందును, మమతయందును, పెరుగుదలయందును మిగిలినవారిని మించిరి. రెండేండ్లు నిండకముందే చేరినవారికి మేలు మఱింత హెచ్చు. ఆలస్యముగ చేరినవారును పూర్తిగా నష్టపోలేదు. 2004లో రుమేనియా చట్టము చేసి, తీవ్రమైన అంగవైకల్యము గలవారిని దప్ప, రెండేండ్లలోపు శిశువులను అనాథాలయములలో నుంచరాదని నిషేధించెను.