లోయలో దిగడం, లోయ మారడం: జెనెటిక్ అల్గారిథమ్‌కు స్థానిక శోధన తోడైతే

మరీ దగ్గరైతే వికర్షణ, కాస్త దూరమైతే ఆకర్షణ అనే లెనార్డ్-జోన్స్ సూత్రానికి లోబడిన 38 పరమాణువులను ఎలా పేరిస్తే మొత్తం శక్తి అన్నిటికన్నా తగ్గుతుంది? జవాబు తెలిసిందే: శీర్షాలు కోసిన అష్టఫలకం. దాని శక్తి -173.928 (ఒక జత బంధశక్తి ప్రమాణంగా). వింశతిఫలక కుటుంబంలోని మేటి ఆకారానిది -173.252. తేడా అత్యల్పం. కానీ శక్తిని ఎత్తుగా చూపే భూతలాన్ని ఊహిస్తే, రెండోదాని చుట్టూ ఉన్న లోయల సముదాయం చాలా విశాలం. యాదృచ్ఛికంగా మొదలుపెట్టిన అన్వేషణల్లో ఎక్కువ భాగం అటే జారిపోతాయి.

ప్రవణతను పట్టుకుని దిగే స్థానిక శోధన ఏ లోయలో మొదలైతే ఆ లోయ అడుగునే ఆగుతుంది. 1975లో జాన్ హాలండ్ గ్రంథరూపంలో ప్రతిపాదించిన జెనెటిక్ అల్గారిథమ్ పరిష్కారాల జనాభాలో జతలను కలిపి, పుట్టిన సంతానంలో మేలైనవాటిని ఎంపిక చేస్తుంది కనుక లోయలు మారగలదు, కానీ ఇక్కడ దానికీ ఒక చిక్కుంది. రెండు మంచి పరమాణు గుచ్ఛాలను (క్లస్టర్లను) సగానికి కోసి అతికిస్తే, అతుకు దగ్గర కొన్ని పరమాణువులు మరీ దగ్గరపడతాయి. దూరం తగ్గేకొద్దీ వికర్షణ పదం దూరపు పన్నెండో ఘాతానికి విలోమంగా పెరుగుతుంది కనుక శక్తి ఒక్కసారిగా ఎగబాకుతుంది. ఆ పరమాణువులు కాస్త సర్దుకుంటే మేలైన సంతానం కాగలిగినది, ఆ అవకాశం రాకముందే ఎంపికలో పోతుంది.

1995లో పరిశోధకులు డీవెన్, హో ఈ చిక్కు విప్పారు. ద్రవ్యరాశి కేంద్రం గుండా ఒక తలం గీసి, ఒక తల్లి పైసగాన్నీ మరో తల్లి కిందిసగాన్నీ కలిపి, పుట్టిన ప్రతి సంతానాన్నీ స్థానిక శోధనతో సర్దుబాటు చేశాకే ఎంపికకు పంపారు. చెల్లాచెదురు కార్బన్ పరమాణువుల నుంచి ఫుట్‌బాల్ ఆకారపు సి-60 ఈ పద్ధతిలో తయారైంది. ఇలా చేస్తే లోయలోని ప్రతి బిందువుకూ దాని అడుగు శక్తే విలువవుతుంది. ఎంపికకు కనబడే భూతలం మెట్లమెట్లుగా మారుతుంది. ఈ కలయికకు 1989లోనే పాబ్లో మొస్కాటో మెమెటిక్ అల్గారిథమ్ అని పేరు పెట్టారు.

సర్దుబాటైన ఆకారాన్ని జన్యువులోకి తిరిగి రాయాలా? రాస్తే లామార్క్ మార్గం. విలువ మాత్రమే తీసుకుంటే బాల్డ్విన్ మార్గం. అలా రాయకున్నా నేర్చుకోవడం (ఇక్కడైతే స్థానిక శోధన) పరిణామానికి దారి చూపగలదని హింటన్, నౌలన్ 1987లో చూపించారు. గుచ్ఛాల విషయంలో మాత్రం తిరిగి రాయడమే సబబని నా అభిప్రాయం. తర్వాతి తరంలో తలం కోసేది ఆ ఆకారాన్నే కదా!

అసలు ప్రమాదం మరొకటి. స్థానిక శోధన ఎంత చురుకైతే జనాభా అంత త్వరగా ఒకే మూసలో పడుతుంది. 38 పరమాణువుల సమస్యలో అంటే వింశతిఫలక కుటుంబమే అంతా ఆక్రమించడం. శక్తులు మరీ దగ్గరగా ఉన్న రెండు గుచ్ఛాలను ఒకే జనాభాలో ఉంచకపోవడం ఒక కట్టడి. అది చాలదు: ఒకే కుటుంబం వేర్వేరు శక్తులతో జనాభాను నింపేయగలదు. అందుకే 1999లో హార్ట్కె జ్యామితీయ ఆకారాన్ని బట్టి జనాభాలో గూళ్లు ఏర్పరిచి, ఒక్కో కుటుంబానికి కొన్ని స్థానాలే కేటాయించారు. 38 కన్నా మొండిదైన 75 పరమాణువుల గుచ్ఛానికి దారి అలా సుగమమైంది. కొత్త సంకర పద్ధతిని ప్రతిపాదించేవారు స్థానిక శోధన వేగంతో పాటు, తరతరానికీ ఎన్ని ఆకార కుటుంబాలు మిగిలాయో కూడా పట్టికలో చూపాలి.