కొబ్బరికాయ కుస్తీ నుండి గచ్చిబౌలి దాకా

మాది నంగునూరు. ఇప్పుడు సిద్దిపేట జిల్లా, మా చిన్నప్పుడు మెదక్ జిల్లా. ఊళ్ళోకి కేబుల్ టీవీ వచ్చిన కొత్తలో పిల్లలందరికీ డబ్ల్యూడబ్ల్యూఎఫ్ పిచ్చి. బళ్ళో ట్రంప్ కార్డులు, ఇంట్లో పరుపుల మీద కుస్తీలు. "అదంతా ఉత్తుత్తి కొట్లాట రా" అని పెద్దవాళ్ళు తీసిపారేసేవాళ్ళు. నాకెప్పుడూ ఒకటే అనుమానం.. చిందు బాగోతంలో దుర్యోధనుడు నిజంగా చస్తున్నాడా ఏంటి? అయినా తెల్లవార్లూ కూర్చుని చూస్తారు కదా!

ఎవరు గెలవాలో ముందే రాసుకుంటారు, నిజమే. కానీ ఆ గెలుపు మనకి పట్టాలంటే దానికో కారణం కావాలి. ఆ కారణాన్ని వారాల తరబడి కట్టుకుంటూ రావాలి. అలా కట్టడానికి కుస్తీ కంపెనీలు వాడే ముఖ్యమైన పనిముట్టు జోడీల పోటీ, అంటే ట్యాగ్ మ్యాచ్.

నిజం కుస్తీలోనూ ఈ మెట్లున్నాయి. నిజామాబాద్, బోధన్ వైపు జాతర కుస్తీలు చూసినవాళ్ళకి తెలుసు. మొదటి కుస్తీ కొబ్బరికాయకి. తర్వాత నగదు కొంచెం కొంచెం పెరుగుతుంది. ఆఖరి కుస్తీ వెండి కడియానికి. పొద్దున్నే ఇద్దర్ని పిలిచి నేరుగా కడియానికి దింపితే ఎవడు చూస్తాడు?

ఈ మెట్ల పద్ధతిని కథగా మార్చడంలో మెక్సికో వాళ్ళు ఘనులు. 1933లో సాల్వడోర్ లుటెరోత్ అక్కడ కుస్తీ కంపెనీ పెట్టాడు. దాన్ని లూచా లిబ్రే అంటారు. ముసుగులు, మంచివాళ్ళు ఒకవైపు, మోటువాళ్ళు ఇంకోవైపు. అక్కడ ఎక్కువగా జరిగేవి ఇద్దరేసి, ముగ్గురేసి జట్ల పోటీలే. ఛాంపియన్ ఒక జట్టులో ఉంటాడు, అతని మీద కన్నేసినవాడు ఎదుటి జట్టులో ఉంటాడు. ఆ రోజు పందెంలో బెల్టు ఉండదు కాబట్టి, ఛాంపియన్ని వెల్లకిలా పడేసి మూడు లెక్కపెట్టినా బెల్టు పోదు, పరువు పోతుంది. గెలిచినవాడు మైకు పట్టుకుని "నిన్ను ఓడించాను, ఇప్పుడు బెల్టు పందెం కాయి" అంటాడు. జనం వచ్చేవారానికి టిక్కెట్టు కొంటారు. లాజిక్ అంతే.

దీనికి జోడీ స్నేహం కూడా కలిస్తే ఇంకా పండుతుంది. బ్లాక్ షాడో, బ్లూ డీమన్ అన్నదమ్ముల పేరుతో ఒక జోడీ. 1952 నవంబరు 7న ఎల్ శాంతో అనే ముసుగు వీరుడు బ్లాక్ షాడోని ఓడించి ముసుగు తీయించాడు. అక్కడ ముసుగు పోవడమంటే బెల్టు పోవడం కంటే పెద్ద అవమానం. జోడీదారుడి పగ బ్లూ డీమన్ నెత్తికెత్తుకున్నాడు. 1953లో శాంతో దగ్గరున్న ప్రపంచ వెల్టర్‌వెయిట్ టైటిల్ గుంజుకున్నాడు. ఇన్నేళ్ళ తర్వాత కూడా మెక్సికోలో ఈ కథ చెప్పుకుంటారు.

ఇప్పుడు మన గచ్చిబౌలికి వద్దాం. 2023 సెప్టెంబరు 8న డబ్ల్యూడబ్ల్యూఈ వాళ్ళు బాలయోగి ఇండోర్ స్టేడియంలో 'సూపర్‌స్టార్ స్పెక్టాకిల్' పెట్టారు. మనలో చాలామంది ఆఫీసు నుండి అటే వెళ్ళారు. ఆ రాత్రి జాన్ సీనా, సెత్ రోలిన్స్ జోడీ కట్టి ఇంపీరియం వాళ్ళని ఓడించారు. నాకు ముఖ్యమనిపించింది మాత్రం ఇంకో ట్యాగ్ మ్యాచ్. కెవిన్ ఓవెన్స్, సామీ జేన్ ఒకవైపు. ఇండస్ షేర్ పేరుతో మనవాళ్ళు వీర్, సాంగా ఇంకోవైపు.

ఓవెన్స్, జేన్ ఆ ఏప్రిల్ 1న రెసిల్‌మేనియాలో ఊసో అన్నదమ్ముల దగ్గర బెల్టులు గెలిచారు. జేన్ ముందు శత్రువుల గుంపులో చేరడం, పాత స్నేహితుణ్ణి దూరం చేసుకోవడం, జనవరిలో తిరగబడడం.. దాదాపు ఏడాది కట్టిన కథ అది. మరి మనవాళ్ళకి? వీర్ అసలు పేరు రింకూ సింగ్. ఉత్తరప్రదేశ్ కుర్రాడు, జావెలిన్ విసిరేవాడు. 2008లో ఒక టీవీ పోటీ గెలిచి అమెరికా బేస్‌బాల్ దాకా వెళ్ళాడు. హాలీవుడ్డు వాళ్ళు సినిమా కూడా తీశారు. సాంగా అంటే సౌరవ్ గుర్జర్, 2013 మహాభారత్ సీరియల్లో భీముడు. ఇంత సరుకుండి కూడా కంపెనీ వీళ్ళకి కట్టిన కథ దాదాపు సున్నా. వీర్ వస్తున్నాడు, వస్తున్నాడు అని నెలల తరబడి ప్రోమోలు వేసి, చివరికి 2022 ఏప్రిల్లో దించారు. మన రిలీజ్ డేట్లే నయం :)

పైగా హైదరాబాద్ షోకి సరిగ్గా ఆరు రోజుల ముందు, పిట్స్‌బర్గ్‌లో ఓవెన్స్, జేన్ బెల్టులు పోగొట్టుకున్నారు. అంటే ఇక్కడికొచ్చింది మాజీ ఛాంపియన్లు. మనవాళ్ళు గెలిచినా ఛాంపియన్ని పడేశామని చెప్పుకోడానికి లేదు. గెలవనూ లేదనుకోండి.

ఇది మొదటిసారి కూడా కాదు. 2017లో కెనడా పంజాబీ జిందర్ మహల్‌ని ప్రపంచ ఛాంపియన్ని చేశారు. డిసెంబరులో ఢిల్లీ షో పెట్టుకుని, నెల ముందే మాంచెస్టర్‌లో బెల్టు ఊడబెరికారు. ఢిల్లీలో మనవాళ్ళ ముందే ట్రిపుల్ హెచ్ చేతిలో ఓడించారు.

తర్వాత జరిగింది మనకి బాగా తెలిసిన కథే. గచ్చిబౌలి షో అయిన నాలుగో రోజున కంపెనీ యూఎఫ్‌సీతో విలీనమైంది. ఆ నెలలోనే లేఆఫ్‌లు మొదలయ్యాయి. 2024 ఏప్రిల్లో జిందర్, వీర్, సాంగా ముగ్గుర్నీ ఇంటికి పంపారు. ఇండియా మార్కెట్ కావాలి, ఇండియా వాళ్ళ కథ మాత్రం అక్కర్లేదు. ఆన్‌సైట్ వాళ్ళు డిజైన్ అంతా ముగించుకుని, డెమో రోజున మనల్ని పిలిచి వెనక వరసలో నిలబెట్టడం లాంటిది.

మనవాళ్ళని ఊరికే గెలిపించమని నేను అనను. అలా దానమిచ్చిన బెల్టు ఎవడికీ ఆనదు, జిందర్ విషయంలో చూశాం. కొబ్బరికాయ దగ్గర్నుంచి మొదలుపెట్టనిమ్మనే నా గొడవంతా. ఈసారి వాళ్ళు హైదరాబాద్ వచ్చినప్పుడు సీనా లాంటి పెద్ద పేర్లు ఎన్నున్నాయో చూడను. ముందు మూడు నెలల్లో మనవాడు ఒక్క ట్యాగ్ మ్యాచ్‌లోనైనా ఛాంపియన్ని పడేశాడా అని చూసి, అప్పుడు టిక్కెట్టు సంగతి ఆలోచిస్తా. మీరేమంటారు?